కబ్ క్యాడెట్ 128: సెల్ఫ్ మార్చినా ఎత్తుకోని ఇంజను

ఈ కేసులోని బండి కబ్ క్యాడెట్ 128. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1971 నుంచి 1974 దాకా తయారుచేసిన గార్డెన్ ట్రాక్టర్. ఫిర్యాదు చిన్నదే. స్టార్ట్ చేయబోతే ఇంజను సగం తిరిగి ఆగిపోతుంది. ఒక్కోసారి వెనక్కి కొడుతుంది. బెల్టు కీచుమని అరిచి వాసన వస్తుంది. యజమాని ఈ హాబీలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు. కొనేటప్పటికే బండి కొత్త పెయింటుతో ధగధగలాడుతోంది. అతని చేతికి వచ్చాక బ్యాటరీ మార్చాడు, సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు) మార్చాడు, బెల్టు మార్చాడు, ఆఖరికి సెల్ఫ్ కూడా మార్చేశాడు. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది. నా దగ్గరికి తెచ్చేసరికి, "అన్నా, ఇంకో ఇంజను దొరికింది. ఇది దించేసి అది ఎక్కించేద్దామా?" అనే దాకా వచ్చాడు.

వద్దన్నాను. ముందు కొలుద్దాం, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. పాత ట్రాక్టర్లు సేకరించేవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పే మాట అదే. పాత బండి మీంచి ఒక అసలు భాగం తీసేశామంటే, అది మళ్ళీ ఆ బండి మీదికి రావడం చాలా అరుదు. అందుకే పానా పట్టుకునే ముందు ఫీలర్ గేజు (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట), మల్టీమీటరు పట్టుకోవాలి.

బండి సంగతి

కబ్ క్యాడెట్ మొదటి మోడల్ 1961లో వచ్చింది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో, చిన్న రైతుల కోసం ఫార్మాల్ కబ్ ట్రాక్టర్ తయారైన చోటే, దీన్నీ తయారుచేశారు. వెనకాల ఉన్న పోత ఇనుము గేర్ బాక్సులో ఆ ఫార్మాల్ కబ్ పోలికలు కనిపిస్తాయి. గడ్డి కోసే లాన్ ట్రాక్టరుకూ గార్డెన్ ట్రాక్టరుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. గార్డెన్ ట్రాక్టరు నేలలో నాగలి దింపి లాగగలదు. లాన్ ట్రాక్టరుతో ఆ పని చేయిస్తే గేర్ బాక్సు చేతికొస్తుంది. 1981లో హార్వెస్టర్ ఈ వ్యాపారాన్ని ఎమ్‌టీడీ అనే కంపెనీకి అమ్మేసింది. అంతకుముందు వచ్చిన బండ్లనే సేకరించేవాళ్ళు ఎక్కువగా వెతుక్కుంటారు.

మోడల్ నంబరు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. ఈ కాలపు మూడంకెల మోడళ్ళలో మొదటి రెండు అంకెలు హార్స్ పవరు. చివరి అంకె సరి సంఖ్య అయితే గేర్ బండి, బేసి అయితే హైడ్రోస్టాటిక్, అంటే గేర్లు మార్చే పని లేకుండా ఆయిలు ఒత్తిడితో నడిచేది. అంటే 128 పన్నెండు హార్స్ పవరు గేర్ బండి, 129 అదే శక్తి ఉన్న హైడ్రోస్టాటిక్ బండి. ఏడు, ఎనిమిది హార్స్ పవర్ల చిన్న మోడళ్ళకు ఈ లెక్క కుదరదు. 128లో ఉండేది కోలర్ కె301 ఇంజను. ఒకటే సిలిండరు, పోత ఇనుము బ్లాకు, వాల్వులు హెడ్‌లో కాకుండా పక్కన బ్లాకులో ఉంటాయి. గాలితో చల్లబడుతుంది. గరిష్ఠ వేగం నిమిషానికి 3600 చుట్లు.

సెల్ఫ్ గురించి కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ బండిలో అది వేరే రకం. డెల్కో-రెమీ స్టార్టర్-జెనరేటరు. స్టార్ట్ చేసేటప్పుడు అదే సెల్ఫ్ మోటారు, ఇంజను అందుకున్నాక అదే డైనమో. రెండు పనులూ ఒక్క బెల్టు మీదే. ఫ్లైవీలుకు పళ్ళచక్రం లేదు. కాబట్టి ఇంజను వెనక్కి కొట్టిందంటే ఆ దెబ్బంతా బెల్టు మీద, డైనమో బ్రాకెట్ మీద పడుతుంది.

తాళం తిప్పకముందు

ముందు ప్లేట్లు చదివాను. వెనక ఛాసిస్ మీద బండి సీరియల్ ప్లేటు, ఇంజను బ్లోయర్ కవరు మీద కోలర్ ప్లేటు. రెండింటి మీదా పసుపు పెయింటు కొట్టేసి ఉంది. ప్లాస్టిక్ ముక్కతో, కొద్దిగా థిన్నరుతో, గుడ్డ చుట్టుకుని నెమ్మదిగా రుద్దితే అంకెలు బయటపడ్డాయి. కోలర్ ప్లేటు మీద మోడల్ నంబరుతో పాటు స్పెసిఫికేషన్ నంబరు ఉంటుంది. ఆ ఇంజను ఏ కంపెనీ బండి కోసం తయారైందో దాన్నిబట్టి చెప్పవచ్చు. ఇది ఈ బండికి వచ్చిన ఇంజనే. ఆ సంగతి తెలిశాక ఇంజను మార్చే మాట యజమానే ఎత్తలేదు.

తర్వాత స్పార్క్ ప్లగ్గు తీసి ఫ్లైవీలు చేత్తో తిప్పాను. నున్నగా తిరిగింది. ఎక్కడా గీరుకోలేదు, పట్టుకోలేదు. లోపల పిస్టన్ పట్టేసిందన్న అనుమానం అక్కడితో తీరిపోయింది. ప్లగ్గు మళ్ళీ బిగించి తిప్పితే కంప్రెషన్ దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. అది గుర్తుపెట్టుకున్నాను.

బ్లోయర్ కవరు విప్పి చూస్తే సిలిండరు రెక్కల మధ్య ఎలుకలు పెట్టిన గూడు. ఎండుగడ్డి, దూది, గింజల పొట్టు, నూనె మడ్డితో కలిసి గట్టిపడి ఉంది. పైన పెయింటు అంత శ్రద్ధగా వేసినవాళ్ళు ఈ నాలుగు బోల్టులు విప్పలేదు. గాలితో చల్లబడే ఇంజనుకు ఆ రెక్కలే రేడియేటరు. అవి మూసుకుపోతే హెడ్ వేడెక్కి గాస్కెట్ పోతుంది, వాల్వు సీటు వదులవుతుంది. కొన్న ఏ బండికైనా, అది ఎంత బాగా నడుస్తున్నా సరే, మొదట చేయాల్సిన పని ఈ కవరు విప్పడం.

ఒక జాగ్రత్త. ఆ కాలపు క్లచ్చు, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పాత పెయింటులో సీసం ఉండవచ్చు. కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి, పెయింటు గీకాలంటే తడిపి గీకాలి, మాస్కు వేసుకోవాలి.

ఎర్త్ దగ్గర మొదటి చిక్కు

కొత్త బ్యాటరీ, కొత్త సోలినాయిడ్, కొత్త సెల్ఫ్. అయినా తిరిగేటప్పుడు సెల్ఫ్ నీరసంగా ఉంది. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండో కొన డైనమో బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. ఎర్త్ బాగుంటే ఈ రెంటి మధ్య దాదాపు ఏమీ చూపించకూడదు. అర వోల్టు దాటితే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. ఇక్కడ వోల్టు పైగా చూపించింది.

డైనమోకు ఎర్త్ దాని బ్రాకెట్ ద్వారా ఇంజను బ్లాకు నుంచి వస్తుంది. బ్రాకెట్ విప్పి చూస్తే రెండు వైపులా దళసరిగా పెయింటు. అసలు ఫ్యాక్టరీలో ఇనుము ఇనుముకు తాకేలా బిగించిన చోట, ఎవరో అన్నీ విడదీసి, విడివిడిగా రంగు వేసి, ఆరాక బిగించారు. కరెంటు బోల్టు మర మీదుగా మాత్రమే దారి వెతుక్కుంటోంది. బ్యాటరీ ఎర్త్ తీగ ఫ్రేముకు బిగించిన చోటా ఇదే పరిస్థితి. ఆ ముఖాలు మాత్రం మెరిసేదాకా గీకి, పల్చగా గ్రీజు రాసి బిగించాను. మీటరు రీడింగు దాదాపు సున్నాకు పడిపోయింది. బ్రాకెట్ చెవి దగ్గర వెంట్రుకంత పగులు కూడా కనిపించింది, వెనక్కి కొట్టిన దెబ్బలకు వచ్చింది. దాన్ని వెల్డింగుకు పంపాను.

ఇప్పుడు సెల్ఫ్ బలంగా తిరిగింది. కానీ వెనక్కి కొట్టడం పోలేదు. చాలామంది ఇక్కడే కొత్త బెల్టు తెచ్చి ఇంకా గట్టిగా బిగిస్తారు. దానివల్ల డైనమో బేరింగు త్వరగా పోతుంది తప్ప జబ్బు తగ్గదు.

కంప్రెషన్ బాగుండటమే లక్షణం

ఇదివరకు ఈ బండిని చూసిన ఒక మెకానిక్ కంప్రెషన్ గేజు పెట్టి చూసి "కంప్రెషన్ అద్భుతంగా ఉంది, ఇంజనుకేం ఢోకా లేదు, సెల్ఫే వీకు" అన్నాడట. ఆ మాట మీదే కుర్రాడు సెల్ఫ్ మార్చాడు. నాకు మాత్రం ఆ మాట వినగానే అనుమానం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది. ఈ ఇంజను మీద సెల్ఫ్ వేగంలో కంప్రెషన్ అద్భుతంగా ఉండకూడదు.

కారణం చెబుతాను. పన్నెండు హార్స్ పవరు ఒంటి సిలిండరును పూర్తి కంప్రెషన్‌కు ఎదురుగా బెల్టు మీద తిప్పడం ఆ చిన్న మోటారుకు తలకు మించిన పని. అందుకని కోలర్ ఇంజనీర్లు కామ్ షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు) గేరు మీద ఒక ఏర్పాటు పెట్టారు. ఆటోమేటిక్ కంప్రెషన్ రిలీజ్, పొట్టిగా ఏసీఆర్. స్ప్రింగు పట్టుకున్న చిన్న బరువులు, వాటికి అతికిన చిన్న నాలుక. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ ఆ నాలుక కామ్ మీద బయటికి పొడుచుకుని ఉండి, కంప్రెషన్ సమయంలో ఎగ్జాస్ట్ వాల్వును కాస్త పైకి లేపుతుంది. కొంత ఒత్తిడి సైలెన్సర్ దారిన పోతుంది, పిస్టన్ సులువుగా దాటుతుంది. వేగం సుమారు 650 చుట్లు దాటగానే బరువులు విసురుకి బయటికి జరుగుతాయి, నాలుక లోపలికి పోతుంది, పూర్తి కంప్రెషన్ వస్తుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి. మీట లేదు, కేబులు లేదు, నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

కాబట్టి ఏసీఆర్ సరిగా పనిచేస్తున్న ఇంజను మీద గేజు తక్కువ చూపించడమే ఆరోగ్యం. ఎక్కువ చూపించిందంటే నాలుక తన పని చేయడం లేదన్నమాట. ఈ ఇంజన్ల రింగులు, వాల్వులు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే కంప్రెషన్ గేజును నమ్ముకోకూడదు. సిలిండరులోకి గాలి ఎక్కించి ఎక్కడి నుంచి కారుతోందో చూసే లీక్-డౌన్ పరీక్షే నమ్మకం.

హెడ్ విప్పాను. ఎలాగూ మసి గోకాలి, గాస్కెట్ ముట్టుకోకుండా చూసే వీల్లేదు. పిస్టన్ పైన, హెడ్ లోపల మందంగా బొగ్గు పేరుకుంది. కోలర్ సర్వీసు పుస్తకం ప్రతి 500 గంటలకు ఈ మసి తీయమంటుంది. హెడ్ లేకుండా ఫ్లైవీలును ఇంజను తిరిగే వైపుకే మెల్లగా తిప్పుతూ ఎగ్జాస్ట్ వాల్వు మీద వేలు పెట్టాను. పిస్టన్ పైకి వస్తోంది. వాల్వు ఒకచోట రవ్వంత లేచి దిగాలి. లేవలేదు. పక్కనున్న కవరు విప్పి కింద ట్యాపెట్‌ను (వాల్వు కాడను కింది నుంచి తోసే ముక్కను) చూస్తే అది మాత్రం లేస్తోంది, కానీ వాల్వు కాడను తాకకుండానే దిగిపోతోంది. నాలుక బతికే ఉంది. అది లేపుతున్నదంతా ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందులోనే పోతోంది.

పిస్టన్‌ను కంప్రెషన్ చివర పైకొసకు తెచ్చి ఫీలర్ గేజు పెట్టాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కె301 ఎగ్జాస్ట్ ట్యాపెట్ సందు 0.017 నుంచి 0.020 అంగుళాలు ఉండాలి. అంటే 17 నుంచి 20 థౌ. ఇక్కడ 30 థౌ రేకు ధారాళంగా దూరింది. ఇంటేక్ వైపు చూస్తే 9 థౌ, ఉండాల్సిన 8–10 మధ్య చక్కగా ఉంది. ఎగ్జాస్ట్ లాక్ నట్టు మూలల మీద పానా జారిన గాట్లు కనిపించాయి. ఎవరో వాల్వులు గ్రైండ్ చేసి బిగించేటప్పుడు, ఎగ్జాస్ట్ వేడికి సాగుతుంది కదా, కాస్త వదులుగా ఉంటే మేలు అనుకుని ఉంటారు. మామూలు ఇంజనులో అయితే ఆ ఆలోచనకు కొంత చప్పుడు తప్ప పెద్ద శిక్ష ఉండదు. ఏసీఆర్ ఉన్న ఇంజనులో పది థౌ ఎక్కువైతే కంప్రెషన్ రిలీజ్ లేనట్టే.

కె301లో ట్యాపెట్లు మరతో సరిచేసుకునే రకం. ఇది మన అదృష్టం. చిన్న కె161, కె181 ఇంజన్లలో ఆ సౌకర్యం లేదు, వాల్వు కాడ కొసను గ్రైండ్ చేసి సందు తెచ్చుకోవాలి. అందుకని అక్కడ ఒకసారి ఎక్కువ గ్రైండ్ చేస్తే వాల్వు పోయినట్టే. ఇక్కడ సన్నటి ట్యాపెట్ పానాలతో 18 థౌ దగ్గర పెట్టి, లాక్ నట్టు బిగించాక మళ్ళీ కొలిచాను. బిగించేటప్పుడు ఒకటి రెండు థౌ జరగడం మామూలే. మళ్ళీ ఫ్లైవీలు తిప్పితే ఈసారి వేలి కింద వాల్వు చిన్నగా కదిలింది. పట్టుకోకుండా ఉంటే కంటికి తెలియనంత కదలిక. ఇంతసేపూ వెతికింది దాన్నే.

సీబీ పాయింట్ కథ

వెనక్కి కొట్టడానికి ఇంకో చెయ్యి కూడా తోడుపడింది. ఈ ఇంజనులో సీబీ పాయింట్లు, అంటే తెరుచుకున్న క్షణాన స్పార్కు పడేలా చేసే కాంటాక్ట్ బ్రేకర్ కొనలు, ఫ్లైవీలు కింద దాక్కుని ఉండవు, బ్లాకు పక్కనే చిన్న మూత కింద ఉంటాయి. కామ్ షాఫ్టు నుంచి సన్నటి పుష్ రాడ్ ఒకటి వచ్చి వాటిని తెరుస్తుంది. మూత తీసి కొలిస్తే పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 28 థౌ. ఉండాల్సింది 20. స్పార్కు సరిగా రావడం లేదనుకుని ఎవరో తెరిచి పెట్టి ఉంటారు.

పాయింట్ల సందు పెరిగితే అవి ముందుగా తెరుచుకుంటాయి. ముందుగా తెరుచుకుంటే స్పార్కు ముందుగా పడుతుంది. కె301లో స్పార్కు పిస్టన్ పైకొసకు 20 డిగ్రీల ముందే పడేలా పెట్టారు, పరుగులో అదే సరైనది. సెల్ఫ్ వేగంలో మాత్రం ఏసీఆర్ ఒత్తిడి తగ్గించి పెడుతుంది కాబట్టి పిస్టన్ ఆ నిప్పును దాటిపోగలుగుతుంది. ఈ బండిలో ఏమైంది? ఒత్తిడి పూర్తిగా ఉంది, నిప్పు ఇంకా ముందే పడింది. పైకి వస్తున్న పిస్టన్‌ను మంట కిందికి తన్నింది. బెల్టు అరిచింది, బ్రాకెట్ పగిలింది, నింద సెల్ఫ్ మీద పడింది.

టైమింగు పెట్టేముందు ఇంకొకటి చూడాలి. గట్టిగా వెనక్కి కొట్టిన ఇంజనులో ఫ్లైవీలు తాళపు ముక్క (దాన్ని షాఫ్టు మీద జరగకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) తెగి, ఫ్లైవీలు షాఫ్టు మీద కొద్దిగా పక్కకు జరిగి ఉండవచ్చు. అప్పుడు దాని మీద ఉన్న గుర్తులన్నీ అబద్ధమే చెబుతాయి. హెడ్ తీసే ఉంది కనుక డయల్ గేజు పిస్టన్ మీద పెట్టి అసలైన పైకొస ఎక్కడో పట్టుకున్నాను. ఫ్లైవీలు మీది 'టి' గుర్తు చూపు రంధ్రంలో సరిగ్గా అక్కడే ఉంది. తాళపు ముక్క బాగానే ఉంది.

పుష్ రాడ్ బయటికి తీసి తుడిచాను. మడ్డి పట్టి కాస్త బరువుగా కదులుతోంది. అరిగిన గుర్తులు లేవు. పాయింట్ల ముఖాలు శుభ్రం చేసి 20 థౌ పెట్టి, మీటరు కొనలు పాయింట్లకు తగిలించి, ఫ్లైవీలు మెల్లగా తిప్పాను. పాయింట్లు తెరుచుకోవడం మొదలయ్యే క్షణానికి 'ఎస్' గుర్తు (స్పార్కు పడాల్సిన చోటు) రంధ్రం మధ్యలో ఉండాలి. వెంట్రుకవాసి ముందుంది. సందును 19కి తెస్తే సరిపోయింది. 17 నుంచి 23 థౌ మధ్య ఎక్కడైనా పరవాలేదు. సందు అంకె కన్నా 'ఎస్' గుర్తుకే విలువ ఇవ్వాలి. కండెన్సరు మాత్రం పాతదే ఉంచాను. పాయింట్ల మీద మాడిన మచ్చలు లేవంటే అది పనిచేస్తున్నట్టే, పనిచేస్తున్న పాత కండెన్సరును తీసి కొత్తది వేయడం నాకు ఇష్టం ఉండదు.

హెడ్‌ను అద్దం మీద పెట్టి వంపు ఉందేమో చూసి, కొత్త గాస్కెట్‌తో, పుస్తకం చెప్పిన వరుసలో విడతలు విడతలుగా టార్కు రెంచితో బిగించాను. పాత పెట్రోలు పారబోసి, వడపోత గిన్నె కడిగి, కొత్త పెట్రోలు పోశాం. తాళం కుర్రాడి చేతికిచ్చాను. సెల్ఫ్ ఎక్కడా ఆగకుండా గిరగిరా తిరిగింది, ఇంజను వెంటనే అందుకుంది. బెల్టు నోరు మెదపలేదు. అతని మొహం చూడాలి అప్పుడు!

తీసేసిన డైనమో తిరిగి ఇంటికి

అతను చేసిన మంచి పని ఒకటుంది. తీసేసిన అసలు డెల్కో-రెమీని పారేయలేదు, డబ్బాలో పెట్టి దాచాడు. విప్పి చూస్తే కార్బన్ బ్రష్షులు పొట్టిగా అరిగాయి, ఒక బేరింగు ఎండిపోయింది. ఆర్మేచరు, ఫీల్డు కాయిల్ పరీక్షలో బాగున్నాయి. బ్రష్షులు, బేరింగులు కొత్తవి వేశాం. కమ్యుటేటరును (బ్రష్షులు రాసుకునే రాగి పలకల చుట్టును) సన్నటి ఉప్పుకాగితంతోనే రుద్దాలి. ఎమ్రీ కాగితం వాడకూడదు. దాని రజను కరెంటును పారనిస్తుంది, రాగి పలకల మధ్య చిక్కుకుంటే షార్టు అవుతుంది. పలకల మధ్య సందులను కూడా సూదిమొనతో శుభ్రం చేయాలి.

తిరిగి ఎక్కించాక చాలామంది మరిచిపోయే మెట్టు ఒకటి ఉంది, పోలరైజ్ చేయడం. ఇంజను ఆపి ఉంచి, ఛార్జింగును అదుపు చేసే రెగ్యులేటరు మీద బ్యాటరీ టెర్మినలునూ ఆర్మేచరు టెర్మినలునూ ఒక్క క్షణం తీగ ముక్కతో కలపాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే చాలు. దాంతో డైనమోలోని అయస్కాంతం ఏ దిక్కున ఉండాలో ఆ దిక్కుకు తిరుగుతుంది. ఇది చేయకపోతే ఛార్జింగు తలకిందులై రెగ్యులేటరు పాయింట్లు మాడిపోవచ్చు. కొత్తగా కొన్న సెల్ఫ్ చెడ్డదేం కాదు. కానీ 128 మీద ఫ్యాక్టరీలో ఎక్కిన డైనమో దాని మీదే తిరుగుతుంటే అది వేరే తృప్తి.

మిగతా పనులు త్వరత్వరగా అయిపోయాయి. వెనక గేర్ బాక్సులో ఆయిలు పాలలా తెల్లగా వచ్చింది, నీరు కలిసింది. గేరు రాడ్డు దగ్గరి రబ్బరు తొడుగు పగిలితే బయట నిలబెట్టిన బండిలో వాన నీరు ఆ దారినే దిగుతుంది. తొడుగు మార్చి, కడిగి, హై-ట్రాన్ అనే గేర్ బాక్సు ఆయిలు పోశాం, దానికి 7 పింట్లు పడుతుంది. డ్రైవ్ షాఫ్టు పిన్నులు అరిగి లొడలొడలాడుతున్నాయి, కొత్తవి వేశాం. స్టీరింగు బాక్సులో ఆట ఉంటే బిగింపుతో చాలావరకు పోయింది. వెనక యాక్సిల్ సీలు ఒక వైపు చెమ్మగిల్లుతోంది. బొట్టు పడటం లేదు కాబట్టి దాన్ని ఇప్పుడు ముట్టుకోలేదు.

పెయింటు మీద మా వాదన

ఇంజను అందుకోగానే కుర్రాడి మనసు రంగు మీదికి పోయింది. ఈ పెయింటు అంతా ఊడ్చి, ఇంకా మెరిసేలా వేద్దాం అన్నాడు. నేను అతన్ని సీటు పళ్ళెం విప్పమని, కింద టార్చిలైటు వేసి చూపించాను. అక్కడ ఫ్యాక్టరీ పసుపు అలాగే ఉంది. కాస్త మసకబారింది, అక్కడక్కడా గీతలు, గ్రీజు మరకలు. డ్రైవ్ షాఫ్టు సొరంగం లోపల, హుడ్డు అడుగున కూడా ఫ్యాక్టరీ పూత అలాగే ఉంది. కొత్తగా కావాలంటే ఎప్పుడైనా రంగు వేయించుకోవచ్చు. ఫ్యాక్టరీ వేసిన పూత ఒక్కసారే వస్తుంది. దాన్ని గీకేస్తే ఈ బండి రంగు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఈ బండి మీద మిగలదు.

బయటి పెయింటు ఎలాగూ అసలుది కాదు కదా అని అతని వాదన. అది నిజమే. అందుకే బయట పెచ్చులు లేచినచోట తుప్పు ఆపి, అతికించి, మిగతాది అలా వదిలేద్దామన్నాను. లోపలి అసలు పూతను ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. హుడ్డు కింద కొద్దిగా తుప్పు పట్టిన విడి భాగాలను బట్టల సోడా నీళ్ళలో ఎలక్ట్రోలిసిస్‌కు పెట్టాం. ఛార్జరు నెగటివ్ భాగానికి, పాజిటివ్ మామూలు ఇనుప ముక్కకు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలను అందులో వేయకూడదు, సోడా తినేస్తుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి బయట ఆరుబయట చేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

ఈ హాబీలో రెండు రకాల వాళ్ళను నేను చూశాను. అద్దంలా మెరిపించి ప్రదర్శనలో నిలబెట్టేవాళ్ళు, పని దుస్తుల్లోనే ఉంచి మట్టిలో నడిపేవాళ్ళు. నాకు ఇద్దరి మీదా గౌరవమే. కానీ గేర్ బాక్సులో నీళ్ళు, రెక్కల్లో ఎలుక గూడు పెట్టుకుని పైన మూడు పూతలు వేసిన బండిని చూస్తే బాధేస్తుంది. పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

నడపడం, ఇంకో బండి చూడటం

ఈ బండి ఇప్పుడు వారానికో పక్షానికో పనిచేస్తోంది. వెనక ఒంటి చాలు నాగలి తగిలించి కూరగాయల మడి దున్నాడు. మొదటి గేరులో, ఒక చక్రం చాలులో దింపి, పోత ఇనుము బరువుతో నింపాదిగా వెళ్తుంటే ఆ చప్పుడు వినడానికే నేను పనిగట్టుకుని వెళ్ళాను. ఒంటి సిలిండరు మోత ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. బరువు పడ్డప్పుడు గవర్నరు (ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు) థ్రాటిల్ తెరవడం చెవికే తెలుస్తుంది.

నడిపేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఉన్నాయి. కె సిరీస్ ఒంటి సిలిండరు ఇంజనుకు ఆయిలు పంపు లేదు. కనెక్టింగ్ రాడ్డు కింద ఉన్న చిన్న చెంచాలాంటి ముక్క ఆయిలును చిలికి చల్లుతుంది. నిటారు వాలులో ఎక్కువసేపు నడిపితే చెంచాకు ఆయిలు అందదు, రాడ్డు క్షణాల్లో పోతుంది. బాగా తక్కువ వేగంలో గంటల తరబడి వదిలేయడమూ మంచిది కాదు. పనిలో ఉన్నప్పుడు థ్రాటిల్ నిండుగా ఉంచాలి, 3600 మాత్రం దాటనివ్వకూడదు, గవర్నరుతో ఆటలాడకూడదు. ఇంకో సంగతి, ఇప్పటి బండ్లలో ఉన్న భద్రత ఏర్పాట్లన్నీ వీటిలో ఉంటాయని అనుకోవద్దు. మనిషి సీటు దిగినా బ్లేడు తిరుగుతూనే ఉండవచ్చు. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నడపడం నేను చూస్తే వెంటనే ఆపిస్తాను.

నడపని నెలల్లో కూడా బండిని అప్పుడప్పుడు స్టార్ట్ చేస్తే, పూర్తిగా వేడెక్కే దాకా నడపాలి. రెండు నిమిషాలు నడిపి ఆపితే సైలెన్సర్లో, ఆయిల్లో తేమ చేరుతుంది. అంతకన్నా అసలు స్టార్ట్ చేయకపోవడమే మేలు.

కుర్రాడు ఇప్పుడు రెండో బండి వెతుకుతున్నాడు, వీల్ హార్స్ ఒకటి కంట్లో పడింది. ఇండియానాలోని సౌత్ బెండ్ కంపెనీ అది, 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్ళింది. దాన్లోనూ కోలర్ కె సిరీసే. అందుకే ఈ కేసులో నేర్చుకున్నది చాలావరకు అక్కడా పనికొస్తుంది, ఇంజను మోడల్ చూసి సందుల అంకెలు మాత్రం ఆ పుస్తకంలోంచి తీసుకోవాలి. అతనికి ఒకటే చెప్పాను. అమ్మేవాళ్ళను ముందే ఇంజను వేడి చేసి ఉంచొద్దని అడుగు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించు, వెనక్కి కొడుతుందేమో చూడు. బ్లోయర్ కవరు విప్పనిస్తారేమో అడుగు. గేర్ బాక్సు ఆయిలు స్టిక్కు మీద తెల్లగా ఉందేమో చూడు. ప్లేట్లు ఫోటో తీసుకో. నాగలి, బ్లేడు, మోవర్ డెక్ లాంటి పనిముట్లు దానితో వచ్చినవే అయితే అన్నీ కలిపి తీసుకో. విడిగా అవి దొరకడం బండి దొరకడం కన్నా కష్టం.

పోయిన వారం ఫోన్ చేశాడు. కవరు విప్పనిచ్చారట, రెక్కలు శుభ్రంగా ఉన్నాయట. చల్ల ఇంజను వెనక్కి కొట్టకుండా అందుకుందట. ఎగ్జాస్ట్ సందు కొలవడానికి నా ట్యాపెట్ పానాలు, ఫీలర్ గేజు కావాలన్నాడు. ఆదివారం నేనూ వస్తానన్నాను.